నల్ల కారు మీద తూర్పు కనుమలు

శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలిలో రాత్రిపూట ఆగి ఉన్న ఏ నల్ల కారు పక్కనైనా నిలబడి, బానెట్‌లో కనిపించే వీధిదీపం ప్రతిబింబాన్ని కాసేపు చూడండి. దీపం చుట్టూ సన్నటి వెండి దారాలతో వలయాలు అల్లినట్టు ఉంటుంది. రెండడుగులు పక్కకి జరిగితే ఆ అల్లిక కూడా దీపంతో పాటే జరుగుతుంది. ఎక్కడికి వెళ్లి చూసినా వలయాల నడుమ దీపమే ఉంటుంది.

కొన్న రెండు మూడేళ్లకే నలుపు పోయి కారు బూడిదరంగుకి తిరిగిందని వాపోయేవాళ్లు చాలావరకు ఈ అల్లికనే చూసి ఆ మాటంటారు. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే షాంపూ నురగ కొట్టి, ప్రెషర్ నీళ్లతో కడిగి, తుడిచి ఎండలో పెడతారు. మట్టి పోతుంది. వలయాలు మాత్రం ఇంకా స్పష్టంగా తేలతాయి. "మురికి కాదు బావూ, గీతలండి ఇయి. కడిగితే పోవు" అని షెడ్డులో కుర్రాడు చెప్పే మాటలో విజ్ఞానశాస్త్రం ఏ లోటూ లేకుండా ఉంది.

గీతలు నిజానికి వలయాల్లా లేవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా, వేలకొద్దీ ఉన్నాయి. సన్నటి గాడి మీద పడిన కాంతి ఆ గాడికి అడ్డంగా ఉన్న దిశలోనే చెదురుతుంది, గాడి పొడవునా చెదరదు. కాబట్టి దీపానికీ కంటికీ సరైన కోణంలో ఉన్న గీతలే మెరుస్తాయి, మిగతావి అక్కడే ఉండి కూడా కనబడవు. దీపం చుట్టూ ఒక్కో చోట ఒక్కో దిక్కు గీత మెరిసేసరికి, ఆ మెరుపులన్నీ కలిసి వలయాలైపోతాయి. ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు కంచం అడుగున బల్బు చుట్టూ కనిపించేదీ ఇదే.

ఇన్ని గీతలు ఎవరు గీశారు? విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ ప్రశ్నకి జవాబు కొండల దగ్గర మొదలవుతుంది.

ఈ రెండు జిల్లాల వెనుక నిలిచిన తూర్పు కనుమల్లో పెద్ద భాగం ఖోండలైట్ అనే శిల. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో పనిచేసిన టి.ఎల్. వాకర్ 1902లో ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద దానికా పేరు పెట్టాడు. కోణార్క ఆలయం కట్టింది కూడా ఈ రాతితోనే. ఇందులో ప్రధానంగా ఉండేవి మూడు ఖనిజాలు: క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్. వానకీ ఎండకీ శిల చివికిపోయి ఎర్రమట్టి అవుతుంది. కానీ అందులోని క్వార్ట్జ్, గార్నెట్ రేణువులు అంత తేలిగ్గా చివకవు. వంశధార, నాగావళి వాటిని మోసుకెళ్లి సముద్రంలో కలుపుతాయి, అలలు తిరిగి ఒడ్డుకి తోస్తాయి. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇసుక అక్కడక్కడా ఎర్రగా, నల్లగా చారలు చారలుగా కనిపించేది అందుకే. ఎరుపు గార్నెట్‌ది, నలుపు ఇల్మెనైట్‌ది. గార్నెట్ ఇసుకని పరిశ్రమల్లో దేనికి వాడతారంటే, ఇనుము మీద తుప్పు గీకడానికి, నీటిధారతో కలిపి రాళ్లూ లోహపు రేకులూ కోయడానికి.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీ వెళ్లిన వెనకాల లేచే దుమ్ములో ఉండేది ఈ కొండల పొడే. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7, గార్నెట్ 6.5 నుంచి 7.5 దాకా. కారు రంగు మీద ఉండే పైపొర ఒక రకం ప్లాస్టిక్. దుమ్ము దాని మీద ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. పొద్దున్నే బండి తీసేముందు పాత తువ్వాలు ముక్కతో బానెట్‌ని ఒకసారి 'దులిపే' అలవాటే అసలు నేరస్థుడు. ఎంత శ్రద్ధగా తుడిస్తే అన్ని గీతలు. నిర్లక్ష్యంగా వదిలేసిన కారు కన్నా రోజూ పొడిగుడ్డతో ముద్దుగా తుడిచిన కారు మీదే వలయాలు ఎక్కువగా కనబడడం డ్రైవర్లకు మింగుడుపడని సంగతి. సర్వీసింగ్ షెడ్డులో నాలుగు బళ్లకి ఒకటే బకెట్, ఒకటే స్పాంజి వాడితే ముందు బండి చక్రాల దగ్గరి ఇసుక తర్వాతి బండి పైకప్పు మీదికి చేరుతుంది.

అలా అయితే తెల్ల కారుకి గీతలు పడవా అంటే, సరిగ్గా అన్నే పడతాయి. తేడా అంతా కాంతి లెక్కలో ఉంది. రంగు పైన ఉండే పారదర్శకమైన పొరని షెడ్లలో క్లియర్ అంటారు. దాని వక్రీభవన గుణకం సుమారు 1.5. నిలువుగా పడిన కాంతిలో 4 శాతమే ఈ పొర పైభాగం నుంచి అద్దంలో లాగా వెనక్కి తిరుగుతుంది. మిగతా 96 శాతం లోపలికి పోతుంది. కింద తెల్ల రంగు ఉంటే అందులోని టైటానియం డయాక్సైడ్ రేణువులు ఆ కాంతిలో చాలా భాగాన్ని నలుదిక్కులా వెదజల్లి బయటికి పంపేస్తాయి. ఆ వెలుగు వరదలో గీతల మెరుపు కలిసిపోతుంది. కింద నలుపు ఉంటే కథ వేరు. నల్ల రంగులో ఉండేది కర్బనపు మసి, కాటుకలో ఉండేదీ ఆ జాతే. లోపలికి వచ్చిన 96 శాతాన్నీ అది దాదాపు మొత్తంగా మింగేస్తుంది. ఇక నల్ల కారు మీద కంటికి కనిపించే సమస్తం పైపొర తిప్పికొట్టిన ఆ 4 శాతంలోనిదే. అది నునుపైన ఉపరితలం నుంచి ఒకే దిక్కుకి వస్తే బానెట్‌లో కొబ్బరిచెట్లు ఆకులతో సహా కనిపిస్తాయి. గీతల వల్ల నలుదిక్కులా చెదిరితే, నలుపు మీద సన్నటి తెల్ల పొగ పరిచినట్టుంటుంది. రంగు ఎక్కడికీ పోలేదు. దాని ముందు తెర పడిందంతే.

వాన పడగానే అదే కారు షోరూములోంచి వచ్చినట్టు నిగనిగలాడడం అందరూ గమనించే ఉంటారు. నీళ్లు గీతల్లో నిండుతాయి. నీటి వక్రీభవన గుణకం 1.33, పైపొర 1.5కి గాలి కన్నా బాగా దగ్గర. దాంతో గీత గోడల నుంచి తిరిగొచ్చే కాంతి పదో వంతుకి పడిపోతుంది. ఆరగానే మళ్లీ మొదటికే. అమ్మకానికి పెట్టిన పాత బండిని డీజిల్ గుడ్డతోనో, కిరోసిన్‌లో నీళ్లు కలిపో తుడిచే పద్ధతి వెనక ఉన్నదీ ఈ సూత్రమే. నూనెల వక్రీభవన గుణకం 1.45 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి గీతలు దాదాపు మాయమవుతాయి. నాలుగు రోజులకి నూనె ఆరిపోతుంది, ఈలోగా దానికి అంటుకున్న దుమ్ము కొత్త గీతలకి సిద్ధంగా ఉంటుంది. పాత కారు కొనేవాళ్లు దాన్ని పొద్దున ఎండలో, షాంపూతో కడిగించి ఆరాక చూడమని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

నల్లటి నిగనిగ మీద మనిషికి మోజు మోటారు కారు కన్నా చాలా పాతది. తూర్పు ఆసియాలో వేల ఏళ్లుగా ఒక చెట్టు పాలని కర్రసామాను మీద పొరలు పొరలుగా పూసి, ఒక్కో పొరనీ బొగ్గుతో, మెత్తటి పొడులతో నునుపు చేసి, అద్దంలాంటి నలుపు సాధించేవారు. ఆ లక్క చెట్టు జీడిమామిడి కుటుంబానిది. దాని పాలలో చర్మాన్ని కాల్చే పదార్థం, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లని కాల్చే జీడినూనెలోని పదార్థం దగ్గరి బంధువులు. ఒకటి గాలిలో గట్టిపడి పొరగా మారినట్టే, రెండోదాన్నీ పరిశ్రమలు రెజిన్లుగా మార్చి పెయింట్లలో, బండ్ల బ్రేకు లైనింగుల్లో వాడతాయి. అంటే ఉద్దానం జీడితోటల పంటలో కొంత ఎప్పుడో ఒకప్పుడు కారు ఎక్కే ఉంటుంది.

జపాను సామాను చూసి మోజుపడిన యూరప్‌వాళ్లు ఆ చెట్టు దొరక్క, తారు లాంటి ఆస్ఫాల్ట్‌తో నకలు తయారు చేసుకుని దానికి జపాన్ బ్లాక్ అని పేరు పెట్టారు. ఫోర్డ్ కంపెనీ 1914 నుంచి 1925 దాకా మోడల్ టి కార్లని నలుపులోనే అమ్మింది. వాటికి వేసింది ఆస్ఫాల్ట్ కలిసిన ఈ జాతి రంగే, కొలిమిలో పెట్టి కాల్చేవారు. చవక, గట్టి, మన్నిక. 1920లలో డ్యూపాంట్ కంపెనీ త్వరగా ఆరే డ్యూకో లాకర్‌ని తెచ్చాక కార్లకి రంగులొచ్చాయి. రంగు పైన విడిగా పారదర్శకమైన పొర వేసే పద్ధతి ప్రపంచమంతా పాకింది 1980లలో. పాత అంబాసిడర్‌ని పాలిష్ చేస్తే గుడ్డకి కారు రంగే అంటుకునేది. ఇప్పటి నల్ల కారుకి పాలిష్ చేస్తే గుడ్డకి నలుపు అంటకూడదు. అంటిందంటే పైపొర అయిపోయి రంగు దాకా వచ్చేశారన్నమాట. లేదా ఆ తలుపుకి ఎప్పుడో టింకరింగ్ జరిగి, క్లియర్ లేకుండా రంగు మాత్రమే కొట్టి ఉంటారు.

ఈ పొరల మందం తెలిస్తే పాలిష్ పని ఎంత సున్నితమో అర్థమవుతుంది. ఉక్కు రేకు మీద మొదట తుప్పు ఆపే పొర, సుమారు 20 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. దానిపైన ప్రైమర్ 30 చిల్లర, తర్వాత నలుపు 15 మైక్రాన్ల దగ్గర, అన్నిటికీ పైన క్లియర్ 40 నుంచి 50. అన్నీ కలిపినా తలవెంట్రుక మందానికి ఒకటిన్నర, రెండింతలు. అతినీలలోహిత కిరణాలని పీల్చి కింది రంగుని కాపాడే రసాయనాలు ఈ క్లియర్‌లోనే ఉంటాయి. అది పలచబడితే కొన్నాళ్లకి పైకప్పు మీద తెల్లగా పొక్కులు లేచి పొరలు ఊడతాయి. ఆ దశకి వచ్చాక ప్రపంచంలో ఏ పాలిష్ పనికిరాదు, మళ్లీ పెయింట్ వేయాల్సిందే.

గుడ్డ ఈడ్చిన గీతల్లో చాలావరకు ఒకటి రెండు మైక్రాన్ల లోతు దాటవు. వాటిని పోగొట్టడమంటే గీతలో ఏదో నింపడం కాదు, గీత అడుగు ఎంత లోతుందో అంతవరకు చుట్టూ ఉన్న పొరని తీసేయడం. బాగా పాడైన కారుని యంత్రంతో పూర్తిగా సరిచేస్తే సుమారు రెండు నుంచి ఐదు మైక్రాన్ల క్లియర్ పోతుంది. కారు జీవితకాలం మొత్తం మీద ఏడెనిమిది మైక్రాన్లకి మించి తీయవద్దని ఈ పనిలో అనుభవమున్నవాళ్లు అంటారు. అంటే భారీ పాలిష్ రెండు మూడు సార్లకి మించి సాగదు. దీపావళికోసారి, సంక్రాంతికోసారి 'రబ్బింగ్ కొట్టించే' పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు పాలిష్ చేసేవాళ్లకి ఈ బెంగ లేదు. విదేశాల మార్కెట్లో శ్రీకాకుళం బ్లూ, వైజాగ్ బ్లూ అనే పేర్లతో తెలిసిన ఆ నీలి రాయిని రంపంతో పలకలుగా కోశాక, తిరిగే రాతిబిళ్లల కిందికి పంపుతారు. పైనుంచి ధారగా నీళ్లు పోస్తూ, మొదట గరుకు బిళ్ల, తర్వాత దానికన్నా సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం, ఇలా ఒకదాని వెనక ఒకటి నడుపుతారు. ప్రతి బిళ్ల పనీ ఒకటే: తన ముందు బిళ్ల చేసిన గీతల్ని చెరిపేసి, వాటికన్నా చిన్న గీతలు గీయడం. ఒక మెట్టు వదిలేస్తే ఆ లోతు గీతలు చివరిదాకా వెంటాడతాయి. రాతి పలక మందం సుమారు 20 మిల్లీమీటర్లు, అంటే 20 వేల మైక్రాన్లు. దాన్ని వందసార్లు మళ్లీ పాలిష్ చేసినా ఎవరికీ తెలియదు. కారు మీద క్లియర్ దానిలో నాలుగొందల నుంచి ఐదొందల వంతు మాత్రమే. సూత్రం ఒకటే అయినా, ఒకచోట మందం కొండంత, ఇంకోచోట ఉల్లిపొరంత.

ఈ సూత్రాన్ని మొదట స్పష్టంగా రాసినవాళ్లలో న్యూటన్ ఒకడు. 1704లో వచ్చిన 'ఆప్టిక్స్' గ్రంథంలో, గాజుని ఇసుకతో, మెత్తటి పొడులతో రుద్దడమంటే ఎత్తుపల్లాలని విరగ్గొడుతూ, గీతల్ని కంటికి ఆననంత చిన్నవి చేయడమేనని అతడి వాదన. అయితే సన్నగా నూరడం, పాలిష్ చేయడం నిజంగా ఒకటేనా అని రెండు వందల ఏళ్ల తర్వాత లార్డ్ రేలీకి అనుమానం వచ్చింది. 1901లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన దీని మీదే ఉపన్యసించాడు. నూరిన గాజుని పాలిష్ చేస్తూ మధ్యమధ్యలో మైక్రోస్కోపు కింద చూస్తే, గుట్టల కొసలు మొదటి నుంచే పూర్తి నునుపుగా కనిపించాయి. పని సాగేకొద్దీ ఆ నునుపు ప్రదేశాలు విస్తరిస్తూ పోయి ఒకదానితో ఒకటి కలిశాయి, అంతే. ఆ తర్వాత బ్రిటిష్ రసాయనవేత్త జార్జ్ బీల్బీ, పాలిష్‌లో పైపొర ద్రవంలా పారి గుంటల్ని పూడుస్తుందని వాదించి 1921లో పుస్తకం రాశాడు. లోహాల విషయంలో ఆ వాదన చాలాకాలం నిలిచింది. 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెనర్డ్ శామ్యూల్స్ లోహాల అడ్డుకోతలు పరీక్షించి, అబ్రేసివ్ పొడి చేసేది అతి సన్నటి కోతేనని చూపించాడు. మొత్తం మీద న్యూటన్ వైపే మొగ్గు నిలిచింది.

కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. ఎత్తుపల్లాలు దానిలో ఎనిమిదో వంతుకి దిగితే కంటికి అది అద్దమే. రెండు వేల నంబరు వాటర్ పేపర్ రేణువు సుమారు 10 మైక్రాన్లు. దాంతో రుద్దిన బానెట్ మసకగా బూడిదరంగులో ఉండడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఏటవాలుగా, దాదాపు అంచున కన్ను పెట్టి చూస్తే మాత్రం అదీ మెరుస్తుంది, ఎందుకంటే వాలు కోణంలో కాంతికి గరుకు తగ్గినట్టు తోస్తుంది. కారు కొనేటప్పుడు వంగి ఏటవాలుగా చూసి "భలే ఉంది" అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక షెడ్డులో పని ఎలా సాగుతుందో చూద్దాం.

కారుని ముందు నీళ్లతో, తర్వాత షాంపూతో కడుగుతారు. రెండు బకెట్లు పెట్టుకుంటారు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఆరాక అరచేయి ఆనిస్తే గరగరమంటుంది. రైలు పట్టాల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర ఉండే బళ్ల మీద సన్నటి ఇనుప రజను క్లియర్‌లో దిగి కూర్చుంటుంది. థయోగ్లైకొలేట్ ఉన్న ద్రావణం చల్లితే ఆ ఇనుము కరిగి ఊదారంగు నీళ్లుగా కారుతుంది, నల్ల కారు మీద చూడ్డానికి కాస్త భయంగానే ఉంటుంది. మిగిలిన గరుకుని సబ్బునీళ్లలో తడిపిన పుట్టీలాంటి మట్టిముద్దతో లాగేస్తారు. దీన్ని క్లే అంటారు. బోరు నీళ్లు ఎండలో ఆరి కట్టిన తెల్ల మచ్చలకి వేరే మందు, పలచటి ఆమ్లం. బుడితి కళాకారుల చేతుల్లో తయారైన ఇత్తడి చెంబుని ఇంట్లో చింతపండుతో తోమినప్పుడు జరిగేదీ ఇలాంటిదే: పులుపు కిలాన్ని కరిగిస్తుంది, గీతల జోలికి పోదు. గీతల కోసం వేరే పని చేయాల్సిందే.

మైక్రాన్లు కొలిచే చిన్న మీటరు ఉన్నవాడు ముందు దాన్ని ఒక్కో తలుపు మీద, బానెట్ మీద ఆనించి చూస్తాడు. 110, 120 వస్తే కంపెనీ పెయింట్. 250, 300 వస్తే మళ్లీ పెయింట్ పడింది. వెయ్యి దాటితే కింద లప్పం ఉన్నట్టే. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లలో కొమ్మలు విరిగి పడిన బళ్లు ఇప్పటికీ ఈ మీటరు ముందు తమ చరిత్ర దాచుకోలేవు. మీటరు అన్ని పొరలనీ కలిపి చూపిస్తుంది, క్లియర్ ఒక్కటీ ఎంత ఉందో చెప్పదు. అక్కడ పనివాడి అంచనాయే దిక్కు.

తర్వాత అద్దాల రబ్బర్లకి, ప్లాస్టిక్ అంచులకి టేపు అంటిస్తారు. బానెట్ మీద మూరెడు చదరం ఎంచుకుని అక్కడ మాత్రమే ప్రయత్నిస్తారు. ఈ పరీక్ష చదరం దగ్గర ఓపిక పట్టినవాడే మంచి పనివాడు. మెత్తటి ఫోమ్ ప్యాడ్, తక్కువ కోత ఉన్న పాలిష్‌తో మొదలుపెట్టి, గీతలు పోకపోతేనే మెట్టు పైకి ఎక్కాలి. ఊళ్లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు: మొదటే ఉన్ని ప్యాడ్, ముదురు రబ్బింగ్ కాంపౌండ్.

యంత్రాల్లో రెండు జాతులున్నాయి. మొదటిది రోటరీ, ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. కోత ఎక్కువ, వేడి ఎక్కువ. నిమిషానికి మూడు వేల చుట్ల దాకా పోగలదు. అనుభవం లేని చేతిలో అది ఒకే దిక్కుకి సన్నటి వంపు గీతలు వదులుతుంది. నీడలో కనబడవు, ఎండలోకి రాగానే బానెట్ మీద చీపురు చారల్లా కదులుతూ కనిపిస్తాయి. షెడ్లలో వీటిని హోలోగ్రామ్‌లంటారు. రెండోది డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. దీని ప్యాడ్ తిరుగుతూనే, సుమారు 15 మిల్లీమీటర్ల చిన్న కక్ష్యలో ఊగుతుంది కూడా. ఒక రేణువు రెండోసారి అదే దారిలో వెళ్లే అవకాశం తక్కువ కాబట్టి దిక్కున్న చారలు పడవు. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతుంది. కొత్తవాడి తప్పుని యంత్రమే ఆపుతుందన్నమాట. నల్ల కారుకి, అందులోనూ నేర్చుకుంటున్న చేతికి, డీఏనే క్షేమం.

ప్యాడ్ మీద నాలుగైదు బొట్ల పాలిష్. అందులో ఉండేది మైక్రాన్ పరిమాణపు అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు, నూనె, నీళ్లు. మోస్ కొలమానంలో అల్యూమినియం ఆక్సైడ్‌ది 9. దుమ్ములోని గార్నెట్ కన్నా గట్టిది. గీత గీసిన దుమ్ము కన్నా గట్టి పొడితో గీత పోగొట్టడంలో వింత లేదు, తేడా అంతా రేణువు పరిమాణంలో, అన్నీ ఒకే సైజులో ఉండడంలో ఉంది. యంత్రాన్ని నిదానంగా, ఓపికగా, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, వరస మీద వరస సగం కప్పుతూ నడపాలి. నాలుగైదు విడతలకి తెల్లటి పాలిష్ పలచబడి పారదర్శకమవుతుంది. అరచేత్తో తాకితే రేకు గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఏప్రిల్ ఎండలో ఆరుబయట ఈ పని చేస్తే పాలిష్ రేకు మీదే ఎండిపోయి సున్నంలా రాలుతుంది, అందుకే నీడ తప్పనిసరి. నల్ల రేకు ఎండని ఎంత పీల్చుకుంటుందో చెప్పే ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్లు ఒకే మోడల్‌వి నలుపు, వెండి రంగు కార్లు ఎండలో పక్కపక్కన నిలిపి కొలిస్తే, వెండి కారు లోపలి గాలి ఐదారు డిగ్రీలు చల్లగా ఉంది.

తుడిచాక వచ్చిన మెరుపుని వెంటనే నమ్మకూడదు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి, డీజిల్ గుడ్డ చేసిన మాయే చేస్తుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిస్తే నూనె పోయి నిజం బయటపడుతుంది. టార్చిలైట్ వేసి చూస్తారు. గీతలుంటే ఇంకో విడత. పోయి ఉంటే, ముదురు ప్యాడ్ వదిలిన పొగమబ్బుని తీయడానికి మెత్తటి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో ఆఖరి చుట్టు. తెల్ల కారుకి ఈ ఆఖరి చుట్టు మానేసినా ఎవరూ పట్టించుకోరు. నల్ల కారుకి పనంతా అక్కడే తేలుతుంది. ఇలా చదరం చదరం చేసుకుంటూ కారంతా పూర్తి చేయడానికి ఒక రోజు చాలదు, రెండు రోజులైనా పడుతుంది. గంటన్నరలో 'బఫింగ్' అయిపోయిందని కారు అప్పగిస్తే, గీతల్లో నూనె నింపి పంపారని అనుకోవడమే మేలు.

పైన ఏదో ఒక రక్షణ పొర వేస్తారు. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద దొరికే కార్నాబా మైనం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా ఫ్లెక్సీల మీద కనిపించేది సిరామిక్ కోటింగ్. దాని మందం దాదాపు మైక్రాన్. నీళ్లు ముత్యాల్లా జారిపోవడం, మురికి తేలిగ్గా వదలడం నిజమే. దానితో పాటు '9హెచ్ గట్టిదనం' అని ఒక మాట అమ్ముతారు. ఆ 9హెచ్ మోస్ కొలమానంలోది కాదు, పెన్సిళ్లది. బొమ్మలు గీసే పెన్సిళ్లని 45 డిగ్రీల కోణంలో పట్టి పూత మీద తోసి, ఏ పెన్సిల్‌కి గీత పడుతుందో చూసే పరీక్ష అది. ఆ పరీక్షలో వాడే పెన్సిళ్లలో 9హెచ్ అన్నిటికన్నా గట్టిది. వజ్రానికి ఒక్క మెట్టు కిందని అర్థం చేసుకుని వేలకి వేలు పోసేవాళ్లున్నారు. క్వార్ట్జ్ రేణువు పెన్సిల్ కాదు.

గీతలు కానివి కొన్ని ఈ పద్ధతికి లొంగవు. చింతచెట్టు నీడలో పెట్టిన కారు మీద రెండు రోజులు ఆరిన పక్షిరెట్ట కింద క్లియర్ ముడతపడిపోతుంది. ఇరాన్ పరిశోధకులు దీని మీద వరసగా ప్రయోగాలు చేసి, రెట్టలోని జీర్ణ ఎంజైములు పైపొర రసాయన బంధాలని తెంపుతాయని తేల్చారు. అది గీత కాదు, పుండు. తడిగుడ్డ వేసి నానబెట్టి అదే రోజు తీసేయడం తప్ప మార్గం లేదు. సముద్రపు ఉప్పుగాలి విషయం వేరు, అది క్లియర్‌కి పెద్దగా హాని చేయదు, రాయి తగిలి రేకు బయటపడ్డ చోట తుప్పు లేపుతుంది. పాలిష్ చేసేవాడికి అక్కడ పని లేదు. 2005లో నిస్సాన్ కంపెనీ సన్నటి గీతలని వేడికి తనంతట తానే పూడ్చుకునే క్లియర్‌ని ప్రకటించింది. సాగే గుణమున్న రెజిన్‌తో చేసిన అలాంటి పొరలు ఇప్పుడు పారదర్శకమైన స్టిక్కరు రూపంలో దొరుకుతున్నాయి. ధర చూస్తే చాలామందికి తువ్వాలు ముక్కే నయమనిపిస్తుంది.

పని చివరికొచ్చాక ప్రతి కారు మీదా కొన్ని గీతలు మిగులుతాయి. గోరుతో అడ్డంగా గీస్తే గోరు తట్టుకునేవి అవి. తలుపు హ్యాండిల్ కింద తాళంచెవి గీకినవి, సందులో సైకిల్ హ్యాండిల్ రాసుకున్నవి. వాటి అడుగుకి చేరాలంటే పది, పదిహేను మైక్రాన్లు దింపాలి. అంత తీస్తే ఆ చోట ఎండని ఆపే శక్తి బాగా తగ్గిపోతుంది. తెలిసిన పనివాడు వాటి మీద మెత్తటి ప్యాడ్ రెండు సార్లు నడిపి, గీత అంచుల పదును మాత్రం విరుస్తాడు. అంచు గుండ్రబడితే కాంతి అంత పదునుగా చెదరదు, గీత ఉన్నా దూరానికి తెలియదు. బానెట్ అంచుల దగ్గరా, తలుపు రేకు మడత దగ్గరా క్లియర్ మామూలుగానే పలచగా ఉంటుంది, వేడి కూడా అక్కడే పోగవుతుంది. అందుకని ఆ మడతల మీద టేపు వేసి యంత్రాన్ని దూరంగా ఉంచుతారు. కారు యజమాని వేలు పెట్టి "ఇక్కడ ఇంకా ఉంది కదా" అంటే, పనివాడు మీటరు తెచ్చి అక్కడ ఆనిస్తాడు. 96 అని చూపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు అక్కడ 98. ఆ చోట ఇక యంత్రం పెట్టరు.